శిశువుల తలలో నీరు: శస్త్రచికిత్సా చరిత్ర

మెదడు నడుమ నాలుగు చిన్న గదులు కలవు. అందు నీరువంటి ద్రవము నిత్యము ఊరుచు, సన్నని దారుల వెంట వెలికి వచ్చి, మెదడును చుట్టి, తుదకు రక్తములో కలియును. దారి మూసికొనినను, రక్తములో కలియుట మందగించినను ఆ గదులు ఉబ్బును. పుఱ్ఱె ఎముకలు ఇంకను అతుకని పసిబిడ్డకు తల పెరుగును; మాడు బిగియును; చూపు క్రిందికి వాలును. వైద్యులు దీనిని హైడ్రోసెఫలస్ అందురు. మనవారు తలలో నీరు చేరినదందురు. పదునారవ శతాబ్దిలో వెసేలియస్ అను శరీరశాస్త్రజ్ఞుడు ఈ నీరు మెదడు గదులలోనే నిలుచునని వ్రాసెను. నిలుకడ గల చికిత్సకు మాత్రము లోకము దాదాపు నాలుగు శతాబ్దములు వేచియుండవలసివచ్చెను.

అమెరికాలోని బాల్టిమోరు నగరమున వాల్టర్ డాండీ 1918లో ద్రవమును ఊరించు కణజాలమునే తొలగింపజూచెను. బ్రతికిన శిశువులు అరుదు. 1922లో ఆయనయే మూడవ గది అడుగును తెరచి నీటికి క్రొత్త దారి చూపెను. మరుసటి యేడు బోస్టనులో మిక్స్టర్ అను వైద్యుడు మూత్రనాళమును పరీక్షించు దర్శినిని ఒక శిశువు మెదడు గదిలోనికి చొప్పించి ఆ పనినే సాధించెను. అయితే నాటి దర్శినుల వెలుగు చాలనందున ఆ మార్గము చిరకాలము మరుగున పడెను.

1949లో ఫిలడెల్ఫియాలో నల్సెన్, స్పిట్జ్ అను వైద్యులు కవాటము గల గొట్టముతో మెదడు నీటిని మెడసిర ద్వారా గుండె వైపునకు మళ్లించిరి. ఆ కవాటమును నమ్మదగినదిగా చేసినవాడు వైద్యుడు కాడు, ఒక తండ్రి. జాన్ హోల్టర్ కర్మాగారములో పనిచేయు యంత్రనిపుణుడు. 1955లో పుట్టిన అతని కుమారుడు కేసీకి ఈ జబ్బు కలదు. సూది గ్రుచ్చి తీసినను రబ్బరు గొట్టము కారకుండుట హోల్టరు గమనించెను. సన్నని చీలిక లోపలి ఒత్తిడికి తెరచుకొని, ఒత్తిడి తగ్గగనే మూసికొనవలెను గదా! సిలికోనుతో అట్టి కవాటమును చేసెను. 1956లో అది మొదట వేఱొక బిడ్డకు అమర్పబడెను. కేసీ అయిదేండ్లకే మరణించెను. తండ్రి చేసిన కవాటము వేలమంది బిడ్డలను బ్రతికించెను.

మన దేశమున నాడీశస్త్రచికిత్సకు తొలి విభాగము 1949లో, మనవారు రాయవేలూరని పిలుచు వేలూరున, జేకబ్ చాండీ నెలకొల్పెను. చెన్నపట్టణమున రామమూర్తిగారు 1950లో ఆ పని ప్రారంభించిరి. తరువాత ఢిల్లీలో ఉపాధ్యాయ, లక్నోలో ఛాబ్రా చౌకగా దొరకు షంటులను రూపొందించిరి. చౌక సరకు నాసిరకమను అనుమానము మనలో సహజము. ఉగాండాలోని ఎంబాలే ఆసుపత్రిలో బెంజమిన్ వార్ఫ్ 195 మంది బిడ్డలలో ఛాబ్రా షంటును పాశ్చాత్య షంటుతో పోల్చి, ఏడాది తరువాత ఫలితములలో భేదము లేదని 2005లో ప్రకటించెను. వెలలో మాత్రము పది రెట్లకు మించిన అంతరము!

జటిలమైన జబ్బు వేఱు. మెదడు పొరలకు వాపు వచ్చి తగ్గిన పిదప గదులలో గోడలు లేచి నీరు మడుగులు మడుగులుగా నిలుచును. ఒక్క గొట్టము ఒక్క మడుగునే తోడును. పూర్వము రెండు మూడు గొట్టములు వేయుచుండిరి. ఇప్పుడు దర్శినితో గోడలను చీల్చి, మడుగులను కలిపి, వీలైనచో ఒక్క గొట్టముతోనే సరిపుచ్చుదురు. క్షయవలన కలుగు పొరల వాపు మన దేశమున ఎక్కువ. అట్టి రోగులను వేలూరు వైద్యులు 1991లో నాలుగు తరగతులుగా విభజించి, స్పృహ తప్పిన పిమ్మట షంటు వేసిన ప్రయోజనము మిక్కిలి అల్పమని చూపిరి. ఆలస్యమునకు ఇంతకంటె కఠినమైన లెక్క లేదు.

ఇప్పుడు గొట్టము చివర సాధారణముగా ఉదరములో నుండును. పిల్లలకు వేసిన షంటులలో నూటికి సుమారు నలువది రెండేండ్లలోనే చెడును. తలనొప్పి, వాంతి, మత్తు కనిపించినచో ఆ పూటే ఆసుపత్రి చేరవలెను. బడికి వచ్చు అట్టి బాలుని తలనొప్పిని ఎగవేతగా ఎంచరాదని తోటి ఉపాధ్యాయులకు నా మనవి. ఆసుపత్రి ఎన్నడో గాని అందని ఉగాండా పల్లెల బిడ్డలకై వార్ఫ్ పాత మార్గములు రెండింటిని కలిపెను: దర్శినితో మూడవ గది అడుగును తెరచుట, ద్రవమును ఊరించు కణజాలమును కాల్చుట. 2017లో ప్రకటింపబడిన ఎంబాలే పరీక్షలో నూర్గురు శిశువులకు ఏడాది తరువాత చూడగా, బుద్ధివికాసమున షంటునకును దీనికిని గణనీయమైన భేదము కనబడలేదు. కనుక గొట్టమా, దారియా అని నిర్ణయించు వైద్యుడు బిడ్డ వయస్సును, జబ్బు మూలమునే గాక, ఆ యింటినుండి ఆసుపత్రికి ఎన్ని గంటల ప్రయాణమో కూడ అడుగును.