ఆచారంలో చోటు, చట్టంలో హక్కు

శ్రీరామనవమి నాడు వేములవాడ రాజన్న గుడిలో సీతారాముల కల్యాణం జరిగే వేళ, అదే ఆవరణలో మరో పెళ్లి సాగుతుంది. శివుణ్ణే భర్తగా తలచిన శివపార్వతులు, జోగినులు, హిజ్రాలు త్రిశూలం చేతబట్టి తలంబ్రాలు పోసుకుంటారు. కోరుట్ల, జగిత్యాల, సిరిసిల్ల జనానికి ఇది ఏటా చూసే దృశ్యమే. అయితే గుడిలో దొరికిన ఈ చోటు గుడి బయట హక్కుగా మారలేదు. హక్కుల చరిత్ర కోర్టు అర్జీలతో మొదలైంది; వాటిలో ఒకటి ఓ పాత చట్టం మీద.

నిజాం పాలనలో ఫసలీ 1329లో, అంటే 1919 ప్రాంతంలో, నపుంసకుల చట్టం వచ్చింది. బాలలను ఎత్తుకుపోతారని, అసహజ నేరాలు చేస్తారని అనుమానం కలిగితే చాలు, హిజ్రాల పేర్లు, నివాసాలు సర్కారు రిజిస్టరుకు ఎక్కేవి. అలా పేరెక్కిన వ్యక్తి ఆడవేషంలోనో నగలతోనో వీధిలో కనబడినా, ఆడిపాడినా వారంటు లేకుండా అరెస్టు చేయవచ్చు. శిక్ష రెండేళ్ల దాకా. నిజాం రాజ్యం పోయింది, రాష్ట్రాల పేర్లు మారాయి. చట్టం మాత్రం పుస్తకంలోనే ఉండిపోయింది.

2013లో హైదరాబాద్‌లో మొదటి ప్రైడ్ యాత్ర జరిగింది. 2014 ఏప్రిల్ 15న జాతీయ న్యాయ సేవల సంస్థ (నల్సా) కేసులో సుప్రీంకోర్టు ట్రాన్స్‌జెండర్లను మూడో జెండర్‌గా గుర్తించింది. దాడులకు, పోలీసుల వేధింపులకు ఎదురునిలిచేందుకు తెలంగాణ హిజ్రా ఇంటర్‌సెక్స్ ట్రాన్స్‌జెండర్ సమితి ఏర్పడింది. వైజయంతి వసంత మొగ్లి, మరికొందరు నిజాం నాటి చట్టాన్ని 2018లో హైకోర్టులో సవాలు చేశారు. 2023 జూలైలో ప్రధాన న్యాయమూర్తి ఉజ్జల్ భుయాన్, జస్టిస్ సి.వి. భాస్కర్ రెడ్డి ధర్మాసనం దాన్ని కొట్టేసింది. ఆసరా పింఛను ట్రాన్స్‌జెండర్లకూ ఇవ్వాలంది.

స్వలింగ జంటల పెళ్లి ప్రశ్న కూడా హైదరాబాద్ నుంచే ఢిల్లీకి చేరింది. 2021 డిసెంబరులో నగర శివారులో బంధుమిత్రుల మధ్య ఒక్కటైన సుప్రియో చక్రవర్తి, అభయ్ డాంగ్ మరుసటి ఏడాది సుప్రీంకోర్టుకెళ్లారు. 1954 నాటి ప్రత్యేక వివాహ చట్టం తమకూ వర్తించాలన్నది వారి వాదన. 2023 అక్టోబరు 17న అయిదుగురు న్యాయమూర్తులు తీర్పిచ్చారు. పెళ్లి ప్రాథమిక హక్కు కాదనడంలో అందరిదీ ఒకే మాట. పెళ్లి కాకపోయినా జంటగా గుర్తింపు ఇవ్వాలన్న అభిప్రాయం 3–2తో వీగిపోయింది. స్త్రీపురుష బంధంలో ఉన్న ట్రాన్స్‌జెండర్లు మాత్రం ఇప్పుడున్న చట్టాల కిందే పెళ్లి చేసుకోవచ్చని ఏకగ్రీవంగా చెప్పారు. 2025 జనవరిలో సమీక్షా పిటిషన్లూ నిలవలేదు.

ఈ తీర్పు కోరుట్ల లాంటి ఊళ్లో రెండు రకాలుగా పనిచేస్తుంది. పురుషుణ్ణి కోరుకున్న ట్రాన్స్ మహిళ పెళ్లిని రిజిస్టరు చేయించుకునే వీలుంది. ఇద్దరు మగవాళ్లు, ఇద్దరు ఆడవాళ్లు ఎన్నేళ్లు కలిసి బతికినా, వీలునామా లేకుండా ఒకరు పోతే ఆస్తి పుట్టింటి వారిదే. ఈ తేడాను చెరపాల్సింది చట్టసభలేనని కోర్టు తేల్చింది. కాబట్టి అర్జీ ఇక పార్లమెంటుకు పోవాలి. పాత చట్టం సంగతి గుర్తుంచుకోదగ్గది: ఎవరూ అడగనంత కాలం అది వందేళ్ల పాటు నిలిచింది, అడిగాక అయిదేళ్లలో పోయింది.