ఊపిరితిత్తుల బొమ్మ మంచం దగ్గరికి ఎలా వచ్చింది?

2021 మే నెల గుర్తుందా? ఎవరు ఫోన్ చేసినా మొదటి ప్రశ్న ఒకటే: "సీటీ స్కోర్ ఎంత?" అప్పుడు మా బాబాయ్ ఐసీయూలో వెంటిలేటర్ మీద ఉన్నారు. సీటీ మెషీన్ కింది అంతస్తులో ఉంది. "కిందికి తీసుకెళ్తే దారిలో ఏమవుతుందో చెప్పలేం. ఇక్కడే ఉంచితే లోపల ఏం జరుగుతోందో కనపడదు. మీరే చెప్పండమ్మా" అన్నారు డాక్టర్ గారు. పిన్ని పెన్ను పట్టుకుని నా వైపు చూసింది. నా దగ్గర జవాబు లేదు. ఆ తర్వాత జవాబు కోసం చదువుతూ పోతే దొరికిన చరిత్రే ఇవాళ్టి ఎపిసోడ్.

యంత్రాన్నే రోగి దగ్గరికి తీసుకెళ్ళాలన్న ఆలోచన కొత్తదేం కాదు. 1914లో మొదటి ప్రపంచ యుద్ధం మొదలయ్యాక మేరీ క్యూరీ ఎక్స్‌రే మెషీన్లను మోటారు బండ్లలో ఎక్కించి గాయపడ్డ సైనికుల దగ్గరికి పంపించారు. తర్వాత తర్వాత చక్రాల ఎక్స్‌రే ఐసీయూల్లోకి కూడా వచ్చేసింది. అయితే ఎక్స్‌రేలో ఒక చిక్కుంది. ముందు భాగం, వెనక భాగం అన్నీ ఒకే నీడలో కలిసిపోతాయి.

1971లో లండన్‌లో తొలిసారి ఒక రోగికి సీటీ స్కాన్ తీశారు, తలకి. 1980లలో ఇటలీ డాక్టర్ లూచియానో గట్టినోని బృందం ఏఆర్‌డీఎస్ రోగుల ఛాతీని సీటీలో చూసింది. ఏఆర్‌డీఎస్ అంటే ఊపిరితిత్తుల్లోకి నీరు చేరి, గాలి ఆడక బిగుసుకుపోయే జబ్బు అన్నమాట. ఎక్స్‌రేలో మొత్తం తెల్లగా కనిపించిన ఊపిరితిత్తి సీటీలో వేరేగా కనిపించింది. వీపు వైపు చాలా భాగం మూసుకుపోయింది. గాలి ఆడుతున్నది చిన్నపిల్లల ఊపిరితిత్తంత భాగంలోనే. దానికి "బేబీ లంగ్" అని పేరు పెట్టారు.

ఇదెందుకు ముఖ్యం? అంత చిన్న భాగంలోకి వెంటిలేటర్ పెద్దవాళ్ళకి సరిపడా గాలి కొడితే అది దెబ్బతింటుంది. 2000లో అమెరికాలో 861 మందితో చేసిన ట్రయల్‌లో ఒక గుంపుకి కిలోకి 12 మిల్లీలీటర్లు, ఇంకో గుంపుకి 6 మిల్లీలీటర్ల గాలి ఇచ్చారు. కిలో అంటే ఎత్తును బట్టి లెక్కేసిన బరువు. మరణాలు 39.8 శాతం నుంచి 31 శాతానికి తగ్గాయి. అంటే లోపల ఏ భాగం పనిచేస్తోందో తెలియడం ప్రాణాలకి సంబంధించిన విషయం. కానీ దాన్ని చూపించే సీటీ మాత్రం కింది అంతస్తులోనే ఉండిపోయింది.

1980లలోనే ఇంగ్లండ్‌లోని షెఫీల్డ్‌లో బార్బర్, బ్రౌన్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు ఇంకో దారి పట్టారు. శరీరం చుట్టూ బెల్టులాగా 16 ఎలక్ట్రోడ్లు పెట్టి, చీమ కుట్టినట్టు కూడా అనిపించనంత చిన్న కరెంటు పంపారు. గాలి నిండిన చోట కరెంటుకి అడ్డు ఎక్కువ, నీరున్న చోట తక్కువ. ఆ తేడాలతో కంప్యూటర్ బొమ్మ గీస్తుంది. దీని పేరు ఈఐటీ. రేడియేషన్ లేదు, రోగిని కదపక్కర్లేదు, ప్రతి శ్వాసా స్క్రీన్ మీద కదులుతూ కనిపిస్తుంది. లోపాలూ ఉన్నాయి. బొమ్మ మసగ్గా ఉంటుంది, బెల్టు కట్టిన ఎత్తులో ఉన్న భాగమే కనిపిస్తుంది.

మరి దీన్ని నమ్మొచ్చని ఎలా తేల్చారు? మొదటి పరీక్ష: బొమ్మ నిజం చెబుతోందా? 2002లో పందుల మీద, 2004లో బ్రెజిల్‌లో వెంటిలేటర్ మీదున్న రోగుల్లో సీటీతో పోల్చి చూశారు. గాలి ఏ వైపు ఎంత వెళ్తోందన్న లెక్క బాగానే కుదిరింది.

రెండో పరీక్ష కష్టం: ఆ బొమ్మ చూడటం వల్ల రోగికి మేలు జరుగుతోందా? ఈ రెండూ ఒకటి కాదు. ఎక్స్‌రే సంగతే చూడండి. 2009లో ఫ్రాన్స్‌లో 21 ఐసీయూల్లో 849 మందితో ఒక అధ్యయనం వచ్చింది. రోజూ తీసే ఎక్స్‌రే బదులు అవసరమైనప్పుడే తీస్తే, ఎక్స్‌రేలు 32 శాతం తగ్గాయి. మరణాల్లో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. అంటే ఎన్ని బొమ్మలు తీస్తే అంత మేలు అని కాదు.

ఈఐటీకి కూడా అదే పరీక్ష పెట్టారు. 2021లో చైనాలో 117 మంది ఏఆర్‌డీఎస్ రోగులతో చేసిన ట్రయల్‌లో, ఈఐటీ చూసి వెంటిలేటర్ ప్రెషర్ సెట్ చేసిన గుంపులో 28 రోజుల్లో చనిపోయినవాళ్ళు 21 శాతం, రెండో గుంపులో 27 శాతం. వినగానే గెలిచినట్టే అనిపిస్తుంది కదా? ఆగండి. ఒక్కో గుంపులో అరవై మంది లెక్కన చూస్తే ఆ తేడా ముగ్గురో నలుగురో మనుషులు. అంత తేడా అదృష్టం కొద్దీ కూడా రావచ్చు. అందుకే పరిశోధకులు దాన్ని రుజువు అనలేదు. ఇంకా పెద్ద ట్రయల్స్ కావాలి.

ఇక మా బాబాయ్. పిన్ని సంతకం పెట్టలేదు. ఆయన్ని కిందికి తీసుకెళ్ళలేదు. 19 రోజులకి ఇంటికొచ్చారు. "చూశావా, ఆ రోజు నేను చేసిందే కరెక్ట్" అంటుంది పిన్ని. నేను తలూపుతాను. 117 మందితోనే తేలని లెక్క ఒక్క మనిషితో తేలదని ఆవిడకి ఎలా చెప్పను? ఇంకో ఇంట్లో అదే నిర్ణయం తీసుకున్న ఇంకో పిన్ని ఉండి ఉంటుంది, వాళ్ళాయన తిరిగి రాక.

మీ ఇంట్లో కూడా ఇలాంటి నిర్ణయం తీసుకోవాల్సి వచ్చిందా? కామెంట్లలో రాయండి, అన్నీ చదువుతాను.