తారిణి నౌకయు, తెలుగువారి కడలిత్రోవయు

నేను జగ్గయ్యపేట చెంతనున్న చిల్లకల్లున పుట్టి పెరిగినవాడను. మాది మెట్టసీమ. పాలేరును, మునియేరును, ముక్త్యాల రేవున కృష్ణయును తప్ప చిన్ననాట నేనెరిగిన పెద్దనీరు లేదు. సముద్రమును గూర్చి మాటలాడుటకు మెట్టవాని కేమి యధికారమని మీరడుగవచ్చును. దానికి సమాధానము మా యూరి చెంతనే కలదు.

జగ్గయ్యపేట వద్ద ధనంబోడు అను దిబ్బ యున్నది. 1882లో బర్జెస్ దొర యచట బౌద్ధస్తూపమును వెలికి దీయించెను. ఇక్ష్వాకురాజగు వీరపురుషదత్తుని 20వ పాలనావత్సరమున సిద్ధార్థుడను పనివాడు ఆ స్తూపమునకు ఐదు స్తంభములు సమర్పించినట్లు శాసనము చెప్పుచున్నది. కృష్ణాతీర స్తూపములకు దానము చేసినవారిలో రాజబంధువులే గాక వర్తకులును, చేతిపనివారును గలరు. ఆ వర్తకపు త్రోవ కృష్ణవెంట దిగి సముద్రమున గలియుచుండెను. యవన భూగోళ శాస్త్రజ్ఞుడగు టాలెమీ మైసోలోస్ అని మన నదిని, కొంటకొస్సిల అని ఘంటసాలను తన గ్రంథమున పేర్కొనెను. యజ్ఞశ్రీ శాతకర్ణి రెండు కొయ్యల యోడను తన సీసపు నాణెములపై ముద్రింపించెను. కావున సముద్రపు మాట మెట్టవానికిని పరాయిది కాదు.

ఈ గర్వముతోనే నేనొకమారు మా ప్రాంతపు సభలో మాటలాడుచు, తారిణి యను క్రొత్త నౌక ఆ నాణెముమీది యోడకు మనుమరాలని చెప్పితిని. అందరును సంతసించిరి. ముందు వరుసలోని వృద్ధు డొకడు మాత్రము, "నాయనా, నాణెమున కొయ్యలు కనబడుచున్నవి సరే. నీటి క్రింద నేమున్నదో నాణెము చెప్పునా?" అని యడిగెను. నాకు మారుమాట దోచలేదు. ఆ ప్రశ్నకు నేడు బదులు చెప్పుచున్నాను.

తారిణి భారత నౌకాదళమువారి తెరచాపనౌక. గోవాలోని అక్వేరియస్ నౌకాశాలలో తయారై 2017 ఫిబ్రవరిలో దళమున జేరెను. ఒడిషాలో గంజాం జిల్లాయందలి తారాతారిణి దేవి పేరు దీనికి పెట్టిరి. పొడవు 56 అడుగులు, అనగా 17 మీటర్లు. వెడల్పు 5 మీటర్లు. కొయ్య యెత్తు 25 మీటర్లు. బరువు సుమారు 23 టన్నులు. నడుమ కొయ్యయు, దాని కిరుప్రక్కల జిగురుతో బిగించిన గాజునారయు గలసి దీని మేను. మహాసముద్రమున నిది గోరంత. ఇంటిముందర నిలిపిన మాత్రము రెండు లారీల పొడవు.

ఇంత యెత్తు కొయ్యకు చాపగట్టిన పడవ గాలికి బోర్లపడవలదా? చిన్ననాడు చెరువులో తాటిదొన్నెకు ఆకు నిలిపి వదలినవారికి దీని మర్మము తెలియును. ఉత్తదొన్నె వెంటనే తలక్రిందులగును. దాని యడుగున బంకమట్టిముద్ద నంటించినచో ఒరిగియు మరల లేచును. ఇట్టి నౌకల యడుగున చేపరెక్క వలె నొక ఫలకము నీటిలోనికి దిగి యుండును. దానియందు సీసమో ఇనుమో నింపుదురు. తారిణి నీటిలోనికి రెండున్నర మీటర్లు దిగును. గాలి పైనుండి ఎంత వంచునో, అడుగుబరువు అంత నిలబెట్టును. ఆ ఫలకమునకు రెండవ పనియు గలదు. ప్రక్కగాలి వీచినపుడు నౌక ప్రక్కకు జారకుండ నది నీటిని పట్టి యాపును. అందువలన నౌక ఏటవాలుగా గాలికెదురుగ కూడ సాగగలదు. సూటిగా నెదురేగ జాలదు. వంకరదారిన, ఒకమారు కుడికిని ఒకమారు ఎడమకును మరలుచు పోవలెను. వాగుకట్టపై నిటారుగా నెక్కలేని బండివాడు అడ్డదిడ్డముగ నెక్కించినట్లన్నమాట.

ఇక వేగము. పందెపు పడవలను తేలికగా గట్టుదురు; అవి పరుగెత్తును గాని తుపానున విరిగిన విరుగును. దూరయానపు నౌకను బరువుగా, గట్టిగా గట్టుదురు. నెలల తరబడి కావలసిన అన్నము, పనిముట్లు, మనుష్యులు అందులోనే యుండవలెను గదా. మరియు నీటిలో నౌక వేగము దాని పొడవుకు లోబడినది. నాలుగింతలు పొడవైన నౌకకు వేగము రెండింతలే వచ్చును. కావున మధ్యతరపు నౌకకు వేగము కన్న నిలుకడ ముఖ్యము. ఈ మాటకు లెక్క చూపెదను.

2017 సెప్టెంబరు 10న ఆరుగురు స్త్రీలు తారిణిపై గోవా విడిచిరి. నాయిక వర్తికా జోషి. తోడివారు ప్రతిభా జామ్వాల్, స్వాతి, విజయాదేవి, బొడ్డపాటి ఐశ్వర్య, పాయల్ గుప్తా. వీరిలో స్వాతి విశాఖపట్టణపు బిడ్డ, ఐశ్వర్య హైదరాబాదు బిడ్డ. ఆస్ట్రేలియా, న్యూజిలాండు, ఫాక్లండు దీవులు, కేప్‌టౌను తాకుచు భూమిని జుట్టి 2018 మే 21న మరల గోవా జేరిరి. మొత్తము 254 దినములు. అందు నీటిపై 199 దినములు. నడచిన దూరము 21,600 నౌకామైళ్లు, రమారమి 40,000 కిలోమీటర్లు. దినమునకు లెక్కించిన సుమారు 200 కిలోమీటర్లు వచ్చును. చిల్లకల్లు నుండి హైదరాబాదునకు గల దూర మంతయే. గంటకు 8 కిలోమీటర్లు మించి కొంచెము: తీరికగా సైకిలు త్రొక్కువాడును దానిని దాటిపోగలడు. కాని యది రేయింబవళ్లు ఆగదు. పసిఫిక్ సముద్రమున గాలి 60 నాట్లు మించి వీచినపుడును, అలలు 7 మీటర్లు లేచినపుడును అది మునుగక 2018 జనవరిలో హార్న్ అగ్రమును దాటెను. తిరుగుదారిలో హిందూమహాసముద్రమున చుక్కానిని త్రిప్పు యంత్రాంగము చెడగా, మారిషస్‌లో ఆగి బాగుచేసికొనిరి. గొప్ప నౌకకును చెడిపోవుట గలదు. చెడినదానిని బాగుచేయగల రేవు దొరకుటయే భాగ్యము.

ఇప్పు డా వృద్ధుని ప్రశ్నకు వత్తును. నాణెముపై రెండు కొయ్యలున్నవి. తారిణికి కొయ్య యొకటే. నాణెము నీటి క్రింది భాగమును చూపదు. తారిణి బలమంతయు నీటి క్రిందనే. తారిణి రూపమును గీసినవారు డచ్చివారు. కట్టినది గోవా పనివారు. కావున అది శాతవాహనుల యోడకు మనుమరాలు కాదు. ఆ సభలో నేననినది తప్పు.

అయినచో మన చరిత్ర వ్యర్థమా? కాదు. మన విద్య యొకనాడున్నది, తరువాత సడలినది. 1244 ప్రాంతమున కాకతి గణపతిదేవుడు మోటుపల్లిలో అభయశాసనము వేయించెను. తుపానున ఒడ్డునబడిన యోడల సరకును పూర్వరాజులు దోచుకొనుచుండగా, అతడు సుంకము మాత్రమే కొని సరకును విడిచిపెట్టెను. 17వ శతాబ్దిలో నరసాపురము వద్ద ఐరోపా వర్తకులు ఓడలు గట్టించుకొనిరి. కోరంగి ఓడలపని పేరుబడసెను. 1839 నాటి తుపాను కోరంగిని ముంచెను. తరువాత ఆవిరియోడలు వచ్చి చాపల పనిని మ్రింగెను. గొలుసు తెగినది. తెగినదానిని తెగలేదనుట గర్వమే గాని జ్ఞానము కాదు.

తెగిన గొలుసునకు క్రొత్త కడియము వేయవచ్చును. అది స్వాతి, ఐశ్వర్యలు చేసిరి. 2024 అక్టోబరులో దిల్నా, రూప అను మరియిద్దరు స్త్రీలు అదే తారిణిపై బయలుదేరి 2025 మే నెలలో భూప్రదక్షిణము ముగించిరి. కడలి దాటరాదనియు, ఆడపిల్ల గడప దాటరాదనియు చెప్పినవారు మనలోనివారే. నేనును మా యింట నొకప్పు డట్లే యంటిని. ఆ మాట వెనుకకు దీసికొనుట నా కిప్పుడు సులభము, కాని ఆ మాట విన్న పిల్ల వయసు వెనుకకు రాదు.

పెద్దలారా, మీ యింట మనుమరాలు చెరువున దొన్నె వదలుచున్నచో కసరకుడు. దాని యడుగున మట్టిముద్ద అంటించుట చూపుడు. ఒరిగిన దెట్లు లేచునో తానే కనుగొనును.