పోర్ట్ మోర్స్‌బీని కాచిన 75వ స్క్వాడ్రన్

1942 జనవరిలో న్యూగినీకి చేరువలోని రబౌల్, మార్చి 8న న్యూగినీ ఉత్తర తీరంలోని లే, సలామౌవా జపాన్ వశమయ్యాయి. దక్షిణ తీరాన పోర్ట్ మోర్స్‌బీ మిగిలింది. అదీ పోతే శత్రువు ఆస్ట్రేలియా ముంగిట నిలిచినట్టే. దాన్ని కాయడానికి ఆస్ట్రేలియా వైమానిక దళం మార్చి 4న టౌన్స్‌విల్‌లో 75వ స్క్వాడ్రన్‌ను హడావుడిగా ఏర్పాటు చేసి, అమెరికా తయారీ పి-40 కిట్టీహాక్ యుద్ధ విమానాలను అప్పగించింది. పైలట్లలో చాలామంది కుర్రవాళ్లు. ఆ విమానంతో వారి పరిచయం కొద్ది రోజులదే.

ఇదిగో అదిగో అని వినీ వినీ విసిగిన మోర్స్‌బీ సైనికులు, ఎప్పుడడిగినా రేపేనంటున్న ఆ విమానాలకు ‘టుమారోహాక్’లని పేరు పెట్టారు. తీరా మార్చి 21న అవి వచ్చేసరికి, ఆకాశంలో శత్రువునే చూడ్డానికి అలవాటుపడ్డ కళ్లు పోల్చుకోలేదు. కింది నుంచి సొంత తుపాకులే పేలాయి, కొన్ని విమానాలు దెబ్బతిన్నాయి. అయినా మర్నాడే తొమ్మిది కిట్టీహాక్‌లు లే స్థావరం మీద విరుచుకుపడి, నేల మీదున్న జపాన్ విమానాలను తగలబెట్టాయి.

స్క్వాడ్రన్‌కు ప్రాణం నాయకుడు జాన్ ఫ్రాన్సిస్ జాక్సన్. మధ్యప్రాచ్యంలో పోరాడి వచ్చిన 34 ఏళ్ల ఆయన్ను కుర్ర పైలట్లు ‘ఓల్డ్ జాన్’ అనేవారు. చురుగ్గా మలుపు తిరిగే జపాన్ జీరో విమానంతో గిరికీలు కొడుతూ తలపడితే కిట్టీహాక్‌కు చేటని, ఎత్తు నుంచి దూకి, కొట్టి, తప్పుకోవాలన్నది ఆయన పద్ధతి. ఏప్రిల్ 10న లే దగ్గర విమానం కూలి సముద్రంలో పడ్డా, ఒడ్డుకు ఈది, స్థానికుల సాయంతో అడవి దాటి తిరిగొచ్చారు. ఎదురెదురుగా తలపడడం లేదని పైవాళ్ల నుంచి మాట పడవలసి వచ్చింది. ఏప్రిల్ 28న మిగిలిన ఐదు విమానాలతో పైకి లేచిన జాక్సన్ తిరిగి రాలేదు. పోర్ట్ మోర్స్‌బీలో ఆయన కాచిన సెవెన్ మైల్ స్థావరమే నేటి జాక్సన్స్ అంతర్జాతీయ విమానాశ్రయం.

తమ్ముడు లెస్ జాక్సన్ పగ్గాలు అందుకున్నారు. 44 రోజుల పోరు మే 3న ముగిసేనాటికి 12 మంది పైలట్లు అమరులయ్యారు. 35 శత్రు విమానాలను ధ్వంసం చేశామన్నది స్క్వాడ్రన్ లెక్క. కుర్రవాళ్లు నిలబెట్టిన ఆ 44 రోజులు ఏ లెక్కలోనైనా పెద్దవే.

ఆగస్టులో న్యూగినీ తూర్పు కొసనున్న మిల్నే బే వంతు వచ్చింది. ఎడతెగని వానలో, బురద మీద ఇనుప పలకలు పరచిన రన్‌వే పైనుంచి 75, 76 స్క్వాడ్రన్లు ఎగిరాయి. ఆగస్టు 25న గుడెనఫ్ దీవి దగ్గర 75వ స్క్వాడ్రన్ జపాన్ పడవలను ధ్వంసం చేయడంతో వాటిలో వచ్చిన సైనికులు అక్కడే చిక్కుకుపోయారు. మిల్నే బేలో దిగిన జపాన్ దళం సెప్టెంబరు తొలివారంలో వెనుదిరిగింది. ఆ విజయంలో ఈ రెండు స్క్వాడ్రన్ల దాడులే నిర్ణాయకమని న్యూగినీ దళాధిపతి రోవెల్ గుర్తించారు.

తర్వాత పోరు పశ్చిమానికి జరిగింది. 1944లో డచ్ న్యూగినీ దీవుల్లో, 1945లో బోర్నియో వైపు తరకాన్‌లో నేల మీది సేనలకు అండగా ఉంటూ స్క్వాడ్రన్ యుద్ధాంతం దాకా కిట్టీహాక్‌లనే నడిపింది.