కట్ట మైసమ్మ, శిఖం భూమి, ప్రకృతి హక్కులు: శామీర్‌పేట చెరువు నేపథ్యంలో ఒక పరిశీలన

ప్రకృతికి హక్కులుంటాయన్న భావన చట్టంలోకి ఇటీవలనే ప్రవేశించింది. 2008లో ఈక్వడార్ దానిని తన రాజ్యాంగంలో చేర్చుకొంది. 2017లో న్యూజిలాండ్, నదిని పూర్వీకురాలిగా భావించే మావోరీ దృష్టిని అంగీకరించి వాంగనుయి నదిని చట్టబద్ధ వ్యక్తిగా గుర్తించింది. అదే సంవత్సరం మార్చిలో ఉత్తరాఖండ్ హైకోర్టు గంగాయమునలకు అటువంటి ప్రతిపత్తినే కల్పించగా, జులైలో సుప్రీంకోర్టు ఆ తీర్పు అమలును నిలిపివేసింది.

ఉత్తరాఖండ్ తీర్పుకు ఆధారం దేవతామూర్తి చట్టబద్ధ వ్యక్తి అన్న సూత్రం. 1925లో ప్రీవీ కౌన్సిల్ దానిని స్పష్టపరచింది. ఈ సూత్రాన్ని మేడ్చల్ ప్రాంతానికి అన్వయిస్తే ఒక వైరుధ్యం బయటపడుతుంది. శామీర్‌పేట చెరువు వద్ద కట్ట మైసమ్మ కొలువై ఉంది. కట్ట తెగకుండా కాచే తల్లిగా తెలంగాణ పల్లెలు ఆమెను కొలుస్తాయి. ప్రతిష్ఠిత దేవత ఆస్తి కలిగి ఉండవచ్చు, దావా వేయవచ్చు. ఆమె కాపాడే చెరువుకు మాత్రం ఆ అర్హత లేదు.

అయితే స్థానిక సంప్రదాయంలో చెరువు రక్షణ వ్యక్తిత్వ భావనపై కాక, హక్కుల వరుసక్రమంపై ఆధారపడింది. చెరువు నిండినప్పుడు మునిగే నేలను శిఖం అంటారు. శిఖం పట్టా ఉన్న రైతు సైతం నీరు తీసిన తరువాతనే అక్కడ సాగు చేయాలి. అనగా యజమాని హక్కు నీటి హక్కు కోసం వేచి ఉంటుంది. నగర విస్తరణలో తెగిపోయినది ఈ క్రమమే. నీరు తీసిన కాలంలో వేసిన ప్లాటు, నీరు తిరిగివచ్చినా ఖాళీ కాదు.

ఈ గతాన్ని ఆదర్శీకరించడం సరికాదు. తూము తెరిచి మూసే నీరడి పని కులంతోను, వెట్టితోను ముడిపడి ఉండేది. చెరువును కాచిన శ్రమకు చెరువుపై అధికారం దక్కలేదు.

2020లో పంజాబ్, హర్యానా హైకోర్టు చండీగఢ్‌లోని సుఖ్నా సరస్సును జీవమున్న అస్తిత్వంగా ప్రకటించింది. అదీ మానవ నిర్మితమే. కనుక మనుషులు కట్టిన చెరువన్న కారణం శామీర్‌పేటకు అడ్డంకి కానక్కరలేదు. అయితే వ్యక్తిత్వ ప్రకటన ఒక్కటే చాలదు. వాంగనుయి పక్షాన మాట్లాడేందుకు చట్టం ఇద్దరు ప్రతినిధులను ఏర్పరచింది. ఇక్కడ ఆ స్థానం ఎవరిదన్నది తేలాలి. నీరడి వారసులకు, ఆయకట్టు రైతులకు, మత్స్యకారులకు అందులో చోటు లేకుంటే చెరువు హక్కు కాగితం మీదనే మిగులుతుంది.