ఫిల్ము – డిజిటల్ : అచ్చు చిత్రపు లెక్క

ఫిల్ము మేలా, డిజిటల్ కెమేరా మేలా? ఈ ప్రశ్నకు జవాబు చెప్పుటకు ముందు మరియొక ప్రశ్న వేసికొనవలెను: బొమ్మను ఎంత పెద్దదిగా అచ్చు వేయవలెను?

స్టూడియోలలో ప్రసిద్ధి చెందిన "120 ఫిల్ము"ను కొడాక్ సంస్థ 1901లో ప్రవేశపెట్టినది. దానిపై పడు చతురస్రపు బొమ్మ ప్రక్క సుమారు 56 మిల్లీమీటర్లు. 35 మి.మీ. ఫిల్ముపై బొమ్మ 24×36 మి.మీ. మాత్రమే. 56 సెంటీమీటర్ల చదరపు చిత్రము కావలెనన్న మొదటిదానిని 10 రెట్లు పెంచిన చాలును. రెండవదానిని 23 రెట్లకు పైగా పెంచవలెను. బొమ్మతోపాటు వెండి రేణువులును, కటకపు లోపములును పెరిగి కనిపించును.

1969లో బెల్ ప్రయోగశాలలో విల్లార్డ్ బాయిల్, జార్జి స్మిత్ అనువారు సి.సి.డి.ని రూపొందించిరి. అట్టి పరికరముతోనే 1975లో కొడాక్ ఇంజనీరు స్టీవెన్ సాసన్ ఒక డిజిటల్ కెమేరాను నిర్మించెను. దాని బొమ్మలో 100×100, అనగా 10,000 బిందువులే ఉండెను. ఒక బొమ్మను టేపుపై నమోదు చేయుటకు 23 సెకండ్లు పట్టెడిది.

ఫిల్మును కూడ బిందువులలో కొలిచి చూతము. ఒక మిల్లీమీటరులో 50 జతల గీతలను విడివిడిగా చూపగల ఫిల్ము ఉన్నదనుకొందము. ఒక్కొక్క జతకు కనీసము 2 బిందువులు కావలెను. అప్పుడు 35 మి.మీ. బొమ్మకు 2,400×3,600, అనగా సుమారు 86 లక్షల బిందువులు. 120 ఫిల్ము బొమ్మకు 5,600×5,600, అనగా 3 కోట్లకు పైగా బిందువులు వచ్చును.

ఇక చరిత్ర చూడుడు. 1991లో వచ్చిన కొడాక్ డి.సి.ఎస్. కెమేరాకు 13 లక్షల బిందువులే. అంగుళమునకు 300 బిందువుల చొప్పున అచ్చు వేసిన, ఆ బొమ్మ పోస్టుకార్డు పొడవైనను రాదు. 2002 నాటి కానన్ 1డిఎస్ కోటి దాటి, 35 మి.మీ. ఫిల్మును మించినది. 120 ఫిల్ము మాత్రము మరి కొంతకాలము నిలిచినది. 2012లో నికాన్ డి800 మూడున్నర కోట్లు దాటినది. ఆ సంవత్సరము జనవరిలోనే, తొలుత డిజిటల్ కెమేరాను చేసి చూపిన కొడాక్ సంస్థ దివాలా రక్షణ కోరినది!

అయితే సంఖ్యయే సర్వస్వము కాదు. సాధారణ డిజిటల్ కెమేరాలో ఒక్కొక్క బిందువు ఒక్క రంగునే గ్రహించును. తక్కిన రెండును ఇరుగుపొరుగు బిందువులనుబట్టి లెక్కగట్టబడును. రంగుల ఫిల్ములోనో, మూడు రంగులకును వేర్వేరు పొరలు కలవు.

ఇంటిలో పాత నెగెటివు ఉన్నచో స్కేలుతో కొలిచి, గోడనున్న చిత్రము ఎన్ని రెట్లు పెరిగినదో విద్యార్థులు లెక్కించి చూడవచ్చును. ఏది మేలను ప్రశ్నకు జవాబు అచ్చటినుండియే మొదలగును.