క్రైస్తవంలో యూదు ఆచారం: అంతియొకయ నుంచి ఇథియోపియా వరకు

క్రైస్తవ సంఘం తొలి తరంలో తేల్చుకోవలసి వచ్చిన సమస్య యూదులకు అందులో చోటుందా అన్నది కాదు; యూదులు కానివారు, అంటే తెలుగు బైబిలు అన్యజనులని పేర్కొన్నవారు, సున్నతి పొందకుండానే అందులో చేరవచ్చునా అన్నది. సుమారు క్రీ.శ. 49లో యెరూషలేములో కూడిన అపొస్తలులు, పెద్దలు వారికి సున్నతి అక్కరలేదనీ, విగ్రహాలకు అర్పించినవాటిని, రక్తాన్ని, గొంతు పిసికి చంపినదాన్ని, జారత్వాన్ని విడిచిపెడితే చాలుననీ నిర్ణయించారని అపొస్తలుల కార్యములు 15వ అధ్యాయం చెబుతుంది. యూదు విశ్వాసులు తమ ఆచారాలను మానుకోవాలన్న మాట ఆ నిర్ణయంలో ఎక్కడా లేదు. పైగా 21వ అధ్యాయంలో, అన్యజనుల మధ్య బోధించిన పౌలే దేవాలయానికి వెళ్లి శుద్ధి చేసుకున్నాడు.

రెండో శతాబ్దం నడిమికి ప్రశ్న తిరగబడింది. ట్రైఫో అనే యూదునితో సంవాదంగా రాసిన గ్రంథంలో క్రైస్తవ రచయిత జస్టిన్, మోషే ధర్మశాస్త్రాన్ని పాటిస్తూ క్రీస్తును నమ్మినవాడు ఇతరులను బలవంతపెట్టనంతవరకు రక్షణ పొందుతాడని ఒప్పుకున్నాడు గాని, అటువంటివారితో మాటామంతీ కూడా పెట్టుకోని క్రైస్తవులున్నారని ఆ వెంటనే చెప్పవలసి వచ్చింది. ఐదో శతాబ్దారంభానికి ఆ సందు కూడా మూసుకుపోయింది. అన్యజనులతో కలిసి భోజనం చేయడం మానుకున్న పేతురును అంతియొకయలో పౌలు మందలించిన ఘట్టంపై క్రైస్తవ పండితులు జెరోముకూ అగస్టీనుకూ మధ్య నడిచిన ఉత్తరాల వాదంలో, ధర్మశాస్త్రాన్ని విడువకుండా క్రీస్తును నమ్మే నజరేయులు అటు యూదులూ కారు, ఇటు క్రైస్తవులూ కారని జెరోము తేల్చేశాడు. ఆ ఆచారాలను మృతదేహంతో పోల్చిన అగస్టీను, తొలి తరం వాటిని గౌరవంగా సాగనంపిందనీ, ఇప్పుడు వాటిని పట్టుకోవడం సమాధిని తవ్వడమేననీ అన్నాడు. అగస్టీను మాటలో మర్యాద ఉంది. ఫలితంలో మాత్రం తేడా లేదు.

పండితుల తీర్పు ఇలా ఉండగా సామాన్య విశ్వాసుల నడవడి వేరుగా ఉండేది. 386, 387 సంవత్సరాల్లో అంతియొకయలో క్రైస్తవ గురువు యోహాను క్రిసోస్తము చేసిన ప్రసంగాలు యూదులపై ద్వేషంతో నిండినవే అయినా, ఆనాటి వాడుకకు అంత దగ్గరి సాక్ష్యం అరుదు. బూరలూదే పండుగకు, పర్ణశాలల పండుగకు తన సంఘస్థులే సమాజమందిరానికి, అంటే యూదుల ప్రార్థనాలయానికి, పోతున్నారని ఆయన వాపోయాడు. ఒక క్రైస్తవుడు ప్రమాణం చేయించడానికి ఒక స్త్రీని అక్కడికి ఈడ్చుకుపోతుండగా తాను అడ్డుపడ్డాననీ, అక్కడికే ఎందుకని నిలదీస్తే, అక్కడి ప్రమాణానికి జనం ఎక్కువ భయపడతారని విన్నానని అతడు బదులిచ్చాడనీ ఆయన చెప్పాడు.

ఇథియోపియా సంఘంలో మాత్రం ఆచారమే నిలిచింది. ఆదివారంతో పాటు శనివారాన్నీ విశ్రాంతి దినంగా పాటించాలని పట్టుబట్టిన సన్యాసి ఎవొస్తాతెవోస్ దేశం విడిచి 1352లో ఆర్మేనియాలో మరణించగా, ఆయన అనుయాయుల వాదాన్ని 1450లో జరా యాకోబు చక్రవర్తి దెబ్రె మిత్‌మాక్ సభలో నెగ్గించాడు. మరో వందేళ్లకు జెసూట్ మిషనరీలు ఆ సంఘం శనివారాన్నీ సున్నతినీ పాటించడం యూదు మతమేనని ఆక్షేపించినప్పుడు, గెలావ్‌దెవోస్ చక్రవర్తి 1555లో వెలువరించిన విశ్వాస ప్రకటనలో తమ సున్నతి యూదుల సున్నతి వంటిది కాదనీ, నూబియాలో ముఖంపై గాట్లు పెట్టుకోవడం, భారతీయులు చెవులు కుట్టించుకోవడం వంటి దేశాచారమేననీ సమాధానమిచ్చాడు. చెవులు కుట్టే వేడుక ఇక్కడ ఇంటింటా ఎరిగినదే గనుక ఆ వాదంలోని చాతుర్యం తెలుగు పాఠకునికి వెంటనే అందుతుంది.

ఆ చాతుర్యానికి ఒక వెల ఉంది. జెరోము యూదు విశ్వాసిని బయటికి నెట్టి ఆచారాన్ని తోసిపుచ్చితే, గెలావ్‌దెవోస్ ఆచారాన్ని ఉంచుకుని దానికి యూదులతో ఉన్న సంబంధాన్ని తెంచాడు. యూదుడు యూదుడుగానే సంఘంలో ఉండవచ్చునన్న యెరూషలేము నాటి స్థితి ఈ రెండింటిలోనూ లేదు. శనివారాన్ని సంఘంలో నిలబెట్టిన జరా యాకోబే, తన రాజ్యంలో అయ్‌హుద్ అంటే యూదులని ముద్రపడిన వర్గాలను వేటాడి హింసించాడు.